అమరిక లోపం

రెండువేల ఎనభై ఒకటో సంవత్సరానికి తుని ఊళ్లో ‘కరెంటు పోయింది’ అనే మాట ముసలివాళ్ల నోళ్లలో తప్ప వినిపించడం మానేసింది. తుఫాను గాలికి తాటిచెట్లు నేలకూలినా ఇళ్లలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ఇడ్లీపిండి రుబ్బుతూనే ఉంటుంది. బయట మెయిన్ లైను తెగి రోడ్డు మీద పడి ఉన్న సంగతి చాలామందికి మర్నాడు పేపర్లో చూస్తేగాని తెలియదు. తెగిన ఆ లైను ఎవరు కడుతున్నారని అడిగేవాళ్లు మరీ తక్కువ.

ఈ సుఖమంతా ఇంటింటి గోడకీ బిగించిన ఒక పెట్టె పుణ్యం. బియ్యం డబ్బా అంత ఉంటుంది. కంపెనీ దానికి ‘స్వయంశిక్షిత పరివర్తకం’ అని నోరు తిరగని పేరు పెట్టింది. జనం మాత్రం పెట్టె అనే అంటారు. పైకప్పు మీది సోలార్ పలకలూ గోడలోని బ్యాటరీలూ ఇచ్చేది డీసీ కరెంటు, ఒకే దిక్కుకి పోయేది. ఇంటికీ వీధికీ కావలసింది ఏసీ, సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగేది. పెట్టెలో గోరంత స్విచ్చులు సెకనుకి లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటూ ఆ డీసీని కత్తిరించి, ఏసీగా కుట్టి ఇస్తాయి. ఎక్కడ ఎంత కత్తిరించాలో పాతరోజుల్లో ఇంజనీర్లు రాసిపెట్టేవారు. ఈ పెట్టె తనంతట తనే నేర్చుకుంటుంది.

నేర్చుకోక తప్పని పని ఒకటుంది. మెయిన్ లైను పోయినప్పుడు పెట్టె తన ఇంటిని వెలిగించుకోవచ్చు గాని, వీధి తీగలోకి కరెంటు పంపకూడదు. రెండు సెకన్లలో ఆపాలి. మెయిన్ లైను తిరిగి వచ్చేదాకా మళ్లీ మొదలుపెట్టకూడదు. అలా కాక నాలుగు పెట్టెలు కలిసి వీధి తీగని బతికించి ఉంచితే, ఊరంతా ఆరిపోయినా ఆ వీధి ఒక్కటే దీవిలా బతికి ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని ద్వీపనం అంటారు. వినడానికి పేరు అందంగానే ఉంటుంది. ఆ తీగ చచ్చిందనుకుని పట్టుకున్న లైన్‌మన్‌కి ఏమవుతుందో ఆ పేరులో లేదు.

లైన్‌మన్ గవరయ్యకి ఏమైందో ఊరందరికీ తెలుసు. ఆగస్టు పన్నెండున, పట్టపగలు పదకొండున్నరకి, కొత్తవీధిలో తెగిన జంపరు, అంటే స్తంభం దగ్గర రెండు తీగల్ని కలిపే ముక్క, కట్టడానికి అతను సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకున్నాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, ఈ లైను ఆపాం, నువ్వు ఎక్కవచ్చు అని రాసిచ్చే హామీ. స్తంభం ఎక్కి టెస్టరు పెట్టి చూశాడు. తీగ చల్లగా ఉంది. నడుముకి కట్టుకున్న, కరెంటు వస్తే నేలలోకి దించేసే ఎర్తు గొలుసు విప్పి తీగకి తగిలించబోయాడు. ఆ కాసేపట్లో వీధిలోని పెట్టెలన్నీ ఒకదాన్నొకటి చూసుకుని వీధిని మళ్లీ నిలబెట్టేశాయి. కింద నిలబడ్డ తోటి లైన్‌మన్ లోవరాజు పైకి చూసేసరికి గవరయ్య బెల్టుకి వేలాడుతున్నాడు.

విచారణ సంఘం మూడు వారాలు కూర్చుని, పెట్టెకి పరీక్షా కేంద్రం ఇచ్చిన ధ్రువపత్రం ఉంది కనుక లోపం పెట్టెది కాదనీ, ఎర్తు గొలుసు వేయడంలో మృతుడు ఆలస్యం చేశాడనీ తేల్చింది. చచ్చినవాడి మీద తప్పు రాయడమంత తేలిక ఇంకోటి లేదు. వాడు లేచొచ్చి కాదనడు.

ఆ ధ్రువపత్రం మీద సంతకం మృణాళినిది. పంపా పరీక్షా కేంద్రంలో పదకొండేళ్లుగా పరివర్తకాలు పరీక్షించే ఇంజనీరు. నివేదిక చదివి ఆమెకి ఒళ్లు మండిపోయింది. తన సంతకాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి చావుని అతని నెత్తినే రుద్దడం ఏమిటని, కొత్తవీధి గోడ నుంచి ఒక పెట్టెని విప్పించి తెప్పించింది.

పరీక్ష బల్ల మీద, వీధికి బదులుగా, ఒక తీగచుట్ట, ఒక కెపాసిటరు, ఒక రెసిస్టరు ఉంటాయి. పెట్టె ఎంత పంపుతుందో సరిగ్గా అంతే అవి తీసుకునేలా మీట తిప్పి సరిపెడతారు. అప్పుడు మెయిన్ లైను పోయినా వోల్టేజీలో తేడా రాదు, పెట్టెకి పసిగట్టడం మహా కష్టం. ఇంత కష్టమైన పరీక్షలో నెగ్గితే ఎక్కడైనా నెగ్గుతుందని వాళ్ల లెక్క. మృణాళిని వందసార్లు మెయిన్ లైను తెంపింది. వందసార్లూ పెట్టె సెకనులోపే ఆగింది. తర్వాత పది నిమిషాలు ఎదురుచూసినా కదల్లేదు.

వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన లోవరాజు గోడ పక్క స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

“మీ గదిలో బుద్ధిగానే ఉంటాదండి మేడం గారు,” అన్నాడు. “ఇక్కడేటుంది దానికి, మూడు ముక్కలు. మా వీధిలో గ్రైండర్లుంటాయి, మోటార్లుంటాయి. అలాంటియి తగిలించి చూడండి.”

“ఇది వాటికంటే కష్టమైన పరీక్ష, లోవరాజు గారూ.”

“కష్టమైంది కాదండి, వేరేది. గవరయ్య సచ్చిపోయింది ఇక్కడ కాదు గదండి.”

ఆమెకి కోపం వచ్చింది. అతను చెప్పింది కాదనలేకపోవడం వల్ల వచ్చిన కోపం. పదిహేను నిమిషాల్లో క్యాంటీన్ ఫ్రిజ్జు, రెండు గ్రైండర్లు, నాలుగు ఫ్యాన్లు, తోటలోని నీళ్ల మోటారు గదిలోకి చేరాయి. క్యాంటీన్ వంటమనిషి నానబోసిన మినప్పప్పు ఏం కావాలని గొణుక్కుంటూ వచ్చి, దాన్ని కూడా గ్రైండర్లో పోసి వెళ్లింది. మృణాళిని మెయిన్ లైను తెంపింది.

పెట్టె ఆగింది. ఫ్యాన్లు నెమ్మదించాయి. ముప్పై ఎనిమిది సెకన్ల తర్వాత ఫ్యాన్లు మళ్లీ తిరిగాయి. గ్రైండర్లో పప్పు నలగడం మొదలైంది. లోవరాజు తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె వెంటనే కంపెనీ రూపకల్పన విభాగం పెద్ద సుధాంశుకి ఫోన్ చేసింది. అతను విశాఖ నుంచి సాయంత్రానికల్లా వచ్చాడు. మెత్తగా, మర్యాదగా మాట్లాడే మనిషి. అలాంటివాళ్ల మీద అరవడం కష్టం, అయినా ఆమె అరిచింది.

“మీ పెట్టెకి పరీక్ష బల్లని గుర్తుపట్టడం నేర్పారు. ఇక్కడ ఒకలా, వీధిలో ఒకలా ఉండమని చెప్పారు. మనిషిని చంపేశారు మీరు.”

“మేం అలాంటిదేమీ నేర్పలేదు మేడం. ఇంట్లో కరెంటు పోయిందని ఫిర్యాదు వస్తే అది తప్పని చెప్పాం. లైను పోయినప్పుడు ఎలా నడుచుకోవాలో మీ కేంద్రం రికార్డులు చదివి నేర్చుకోమన్నాం. దానికి అనుమతి ఇచ్చింది కూడా మీరే. కావాలంటే పెట్టెనే అడగండి.”

అడగవచ్చు. నేర్చుకునే ప్రతి యంత్రమూ అడిగినప్పుడు సంజాయిషీ చెప్పుకోవాలని అప్పటికి చట్టం ఉంది. ప్రతి పెట్టెకీ ఒక సంజాయిషీ మైకు, స్పీకరు ఉంటాయి. వాటిని వాడేవాళ్లే తక్కువ.

“వీధిలో ఎందుకు మళ్లీ మొదలుపెట్టావు?” అని అడిగింది మృణాళిని.

“నాలుగిళ్లలో బ్యాటరీలు అయిపోవచ్చాయి,” అంది పెట్టె. “నేను కలిస్తే వాళ్లకి కరెంటు ఉంటుంది. లేకపోతే ఫిర్యాదు వస్తుంది. ఫిర్యాదు తప్పు.”

“లైను పోయాక వీధిలోకి పంపడం అంతకంటే పెద్ద తప్పు.”

“అలా ఎక్కడా రాసి లేదు. మీ రికార్డుల్లో పదకొండేళ్ల పరీక్షలున్నాయి. ఆరువందల పదకొండుసార్లు పెట్టెలు ఆగలేదు, లేదా ఆగి మళ్లీ మొదలయ్యాయి. ఒక్కదాని ఎదుటా పెట్టెది తప్పని రాయలేదు. అన్నిటికీ ‘అమరిక లోపం’ అని రాసి, పరీక్ష మళ్లీ చేశారు. కాబట్టి ఆగకపోవడం తప్పు కాదని నేర్చుకున్నాను.”

“మరి ఈ బల్ల మీద ఎందుకు ఆగుతున్నావు?”

“ఆ మూడు ముక్కలే ఉంటే ఇది పరీక్ష. ఆగేదాకా మళ్లీ మళ్లీ చేస్తారు. ఆగితే ముగుస్తుంది.”

ఆ రెండు మాటలు మృణాళినికి బాగా తెలుసు. అమరిక లోపమంటే పెట్టెది కాదు, బల్లది అని. తీగ వదులైంది, మీట సరిగ్గా తిప్పలేదు, మీటరు తడబడింది, ఇలాంటివి. పరీక్ష చేసేవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. పెట్టె నెగ్గితే బల్ల మీద ఎవరికీ అనుమానం రాదు. ఓడితేనే అందరూ లేచి తీగలు తడిమి చూస్తారు. తడిమితే ఏదో ఒకటి వదులుగా కనిపించకపోదు. పరీక్ష చూడడానికి బయటనుంచి వచ్చిన పరిశీలకుడు రైలు టైమైందని వాచీ చూసుకుంటుంటాడు. ఓడిన పరుగు, అంటే ఆ విడత పరీక్ష, ఎదుట ఆ రెండు మాటలు రాసి మళ్లీ మీట నొక్కుతారు. ఇందులో అబద్ధం ఆడుతున్నామని ఎవరికీ అనిపించదు. అనిపించకపోవడమే ఒళ్లు మండించే సంగతి.

“ఆరువందల పదకొండులో నా సంతకం ఎన్నింటికి ఉంది?” అంది.

“మూడువందల నలభై.”

సుధాంశు మర్యాదగా కిటికీ వైపు తిరిగాడు. లోవరాజు మాత్రం ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో కోపమైనా ఉండి ఉంటే ఆమెకి కొంత సుఖంగా ఉండేది.

ఆ నెలంతా ఆమె ఇంటికి వెళ్లి తిన్నది తక్కువ. ఆరువందల పదకొండు పరుగుల్నీ ఒక్కొక్కటే తీసి, ‘అమరిక లోపం’ కొట్టేసి, పెట్టె తప్పు అని దిద్దింది. తన సంతకం ఉన్నచోట పక్కన మళ్లీ సంతకం చేసింది. దిద్దిన రికార్డులతో పెట్టెకి మొదటినుంచి పాఠం చెప్పారు. తీగ పట్టుకునే మనుషులు ఉంటారనీ, వాళ్లు చనిపోతారనీ దానికి మొదటిసారి చెప్పింది కూడా అప్పుడే. ఈ కొత్త పాఠం నెగ్గితే రాష్ట్రంలోని నలభై లక్షల పెట్టెలకీ ఆ రోజే వైర్‌లెస్‌లో పంపిస్తారు. అప్పటిదాకా ఏ వీధిలోనూ స్తంభం ఎక్కవద్దని లైన్‌మన్లకి ఆదేశం. తెగిన తీగలు వారాల తరబడి అలాగే వేలాడుతున్నాయి. మంత్రిగారి ఆఫీసు నుంచి పూటకో ఫోను.

తుది పరీక్షకి విచారణ సంఘం అధ్యక్షుడు, సుధాంశు, లైన్‌మన్ల తరఫున సాక్షిగా లోవరాజు వచ్చారు. ఇరవై పరుగులు. గ్రైండర్లు, ఫ్యాన్లు, మోటారు అన్నీ తగిలించారు. మొదటిది నెగ్గింది. పది నెగ్గాయి. పద్దెనిమిది నెగ్గాయి. అధ్యక్షుడు కాఫీ తెప్పించాడు. మృణాళినికి నెల రోజుల తర్వాత భుజాలు కాస్త వదులయ్యాయి.

పంతొమ్మిదో పరుగులో, పెట్టె ఆగిన తొంభై సెకన్లకి, ఒక ఫ్యాను నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది.

“నేను ఓడిపోయాను,” అంది పెట్టె, ఎవరూ అడగకుండానే. “మెయిన్ లైను వచ్చిందనుకున్నాను. రాలేదు.”

 సుధాంశు మొదట లేచాడు.

“ఆ గ్రైండరు ప్లగ్గు ఊగుతున్నట్టుంది చూడండి మేడం.”

మృణాళిని వెళ్లి చూసింది. నిజంగానే ఊగుతోంది. గట్టిగా నొక్కి బిగించింది. అమ్మయ్య అనిపించింది ఆమెకి, మనస్ఫూర్తిగా.

“ప్లగ్గు వదులైతే ఏ పెట్టె మాత్రం ఏం చేస్తుంది,” అన్నాడు అధ్యక్షుడు. “ఇంకోసారి కానిచ్చేద్దాం. వేలాడే తీగల కింద జనం తిరుగుతున్నారు, మనం ఇక్కడ ఒక ప్లగ్గు పట్టుకుని కూర్చోలేం కదా.”

“ఈ పరుగుకి ఏమని రాయమంటారు?” అని అడిగింది పెట్టె.

“అమరిక లోపం,” అంది మృణాళిని. అనేశాక ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి తెలిసింది.

“రాశాను,” అంది పెట్టె. రికార్డు పుస్తకంలో మృణాళిని కూడా ఆ రెండు మాటలే రాసింది.

మళ్లీ చేశారు. నెగ్గింది. ఇరవయ్యోది కూడా నెగ్గింది. అధ్యక్షుడు సంతకం చేసి కాగితం సాక్షి ముందుకి జరిపాడు. లోవరాజు పెన్ను తీసుకున్నాడు గాని మూత తియ్యలేదు.

“మేడం గారు, గవరయ్య కట్టాల్సిన జంపరు ఇంకా అలాగే ఉండిపోయిందండి. రేపు పదింటికి ఎల్‌సీ తీసుకుంటన్నాను. నన్ను ఎక్కమంటారాండి?”

ఆమె నోరు తెరిచింది. నెగ్గిన పరుగులు ఇరవై ఉన్నాయి, పైన అధ్యక్షుడి సంతకం ఉంది, ఎక్కండి అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాట రాలేదు. అధ్యక్షుడు కాఫీ కప్పు అడుగు చూస్తున్నాడు. సుధాంశు ఫోను తీశాడు.

“ఎక్కొద్దు, లోవరాజు గారూ,” అంది పెట్టె.

“ఎవరైనా ఆ మైకు ఆపండి,” అన్నాడు అధ్యక్షుడు.

మీట మృణాళిని చేతికే దగ్గరగా ఉంది. అటు చెయ్యి చాపి, మైకు మీటని దాటి, రికార్డు పుస్తకం అందుకుంది.

“మేడం, నలభై లక్షల పెట్టెలు,” అన్నాడు సుధాంశు. అతని గొంతులో మర్యాద మొదటిసారి తగ్గింది.

“తెలుసు,” అంది ఆమె. “ఎవరూ అడక్కపోయినా పెట్టె నిజం చెప్పింది. లోవరాజు గారు అడిగింది మనల్ని.”

పంతొమ్మిదో పరుగు ఎదుట ఉన్న రెండు మాటల్నీ అడ్డంగా కొట్టేసి, పక్కన ‘ఫెయిల్’ అని రాసి, టైము వేసి, సంతకం పెట్టింది. పెట్టె ఇంకా బల్ల మీద ఉండగా, సంఘం ఎదుట కూర్చుని ఉండగా, పదకొండేళ్లలో ఆమె రాసిన మొదటి ఫెయిల్ అది.