తాళం వేసిన ఇంట్లో మూలుగు

బాబుపేట్‌లో దీపాలు పెట్టే వేళ దాటితే బాపయ్య ఇంటి ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. వెనక గల్లీలోంచి చుట్టు తిరిగి పోయేవారు. ఆ గల్లీలో మోరీ పొంగుతుంటుంది, కుక్కలు మీద పడుతుంటాయి... అయినా సరే. కుక్క కరిస్తే సూది మందు ఉంది. బాపయ్య పట్టుకుంటే ఏముంది?

బాపయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. పోయి ఇంకా ఏడాది నిండలేదు. సంవత్సరీకం అయ్యేదాకా ఇల్లు ఎవరూ తెరవొద్దని భార్య భూదేవమ్మ తాళం వేసి, కొడుకు విజయ్‌కుమార్ దగ్గర ఉంటోంది. ముందు తలుపుకి తాళం తాళంలాగే వేలాడుతోంది. లోపల మాత్రం — మూలుగు.

మొదట సన్నగా, ఎవరో కడుపు పట్టుకున్నట్టు. తర్వాత గట్టిగా, తొందరగా, పైపైకి... ఊ... ఊఊ... ఊఊఊ... చివర గుటుక్కుమని ఒక్క మింగుడు. ఆపైన చప్పుడు లేదు.

పగలు గనిలో పేలుళ్లకు గూట్లో గిన్నెలు దొర్లినా తల తిప్పని జనం, ఈ మూలుగుకి తలుపులు బిగించుకున్నారు.

కారణం ఎదురింటి సారక్క కనిపెట్టింది. పరలోకం సంగతులు ఆమెకు నల్లా నీళ్లొచ్చే టైముకన్నా బాగా తెలుసు. భూదేవమ్మ పండరిపురం పోయి తులసిమాల వేసుకొచ్చింది కదా, నీచు ముట్టదు. అందుకని మొన్న పెద్దల అమావాస్య, పెత్రమాసకి మొగుడి పేరున పప్పు, గారెలు, పెరుగన్నం పెట్టింది. తప్పంతా అక్కడే ఉందట.

“కోడి లేకుంట ఐతారం గడవనోడు. జిల్లాల దారు అమ్ముడు బంద్ ఉన్న ఏండ్లల్ల గూడ ఆయనకు తాగుడు బంద్ కాలే. గసొంటోనికి పెరుగన్నం పెడ్తివి. మూల్గడా?” అంది సారక్క.

ఆ మాట భూదేవమ్మ గుండెలో ముల్లులా దిగింది. మొగుడు బాయికి పోయిన ఏ ఒక్క రోజూ ఖాళీ డబ్బాతో పంపలేదు ఆమె. అట్లాంటి మనిషి ఇప్పుడు తన మాల వల్ల చచ్చినవాళ్ల నడుమ ఆకలితో తిరుగుతున్నాడా? పైగా వాడకట్టు అందరి చేతా దెయ్యమనిపించుకుంటున్నాడా?

తర్వాతి అమావాస్య వచ్చింది. పూజ చేసుకుని, మాల తీసి దేవుడి ముందు పెట్టింది. కాసేపు కళ్లు మూసుకో విఠలా, వచ్చి అన్నీ చెప్పుకుంటానంది. కొంగు కింద కోడికూర, అన్నం, ఒక సీసా. సీసా సారక్కే తెప్పించి పెట్టింది. పుణ్యకార్యం కదా మరి.

పెరటి వైపు వచ్చింది. తలుపు... ఓరగా తెరిచే ఉంది. సందులోంచి నీలం వెలుగు. మూలుగు లేస్తోంది — ఊ... ఊఊ... ఊఊఊ...

“ఏమయ్యా...” తలుపు దగ్గరికి వంగింది. “గింత అల్గినవా? కోడి తెచ్చిన నీకు. మాల ఇంట్ల పెట్టొచ్చిన.”

మూలుగు టక్కున ఆగింది. చీకట్లోంచి ఒక గొంతు —

“అత్తమ్మా... మీరా?”

చచ్చినవాళ్లు వరసలు మారుస్తారని సారక్క కూడా చెప్పలేదు.

కూతురు స్నేహలత మొగుడు హరీష్. కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. ఇంట్లో పిల్లలు, టీవీ. అందుకని రాత్రిళ్లు పని చేసుకోడానికి బావమరిది విజయ్‌కుమార్ దగ్గర పెరటి తాళంచెవి రహస్యంగా సంపాదించాడు. దెయ్యాల్లేవని క్లాసులో చెప్పే మనిషి, గోడకి వీపు ఆనించి చెమటలు తుడుచుకుంటూ సంగతి విప్పాడు. ఆకాశంలో చచ్చిన చుక్కలు జంటలు జంటలుగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయట. ఇంకా పెద్దవి, వెలుగే బయటికి రాని కృష్ణబిలాలు, చివరికి ఒకటైపోతాయట. అప్పుడు జాగానే అలలా వణుకుతుందట, గురుత్వ తరంగాలంటారట. నేల మీద లారీలు, రైళ్లు, పేలుళ్లు. ఈ అదురులో ఆ నిదానం అలలు ఇక్కడ దొరకవు. అందుకని మూడు నౌకలు ఆకాశంలోకి పోయి, ఒకదానికొకటి లేజర్ వేసుకుంటూ పట్టుకుంటాయి. ఆ నౌకలింకా పోలేదు. ఆ అలలు ఎట్లా వినిపిస్తాయో ఈయన ముందుగా లెక్కగట్టి, చెవికి అందేట్టు లాప్‌టాప్‌లో సౌండు చేస్తున్నాడు.

భూదేవమ్మ ఓపికగా విన్నది.

“చచ్చినయేనా అవి?”

“చచ్చినయే, అత్తమ్మా.”

“కంటికి అవుపడయ్?”

“అవుపడయ్.”

“గా మూల్గుడు మీరెవ్వరు ఇంకా ఇనలే?”

“పెద్ద పెద్దయి... ఇంకా ఇనలే.”

“సారక్క గూడ గదే చెప్తది, బిడ్డా. ఆమెకు జీతం ఇస్తలేరు, గంతే.”

హరీష్ నొచ్చుకుని, ఇంకో రొద వినిపించాడు. తెంపు లేని హోరు. కోట్ల జంటలు ఒక్కసారే మూలుగుతున్నాయి, వాటిలో చాలావాటిని ఏది ఏదో విడదీయడం ఎవరి తరమూ కాదన్నాడు.

“గా హోరుల మీ మామ లేడని రాసిస్తరా?”

హరీష్ లాప్‌టాప్ మూసేశాడు.

పెద్దల పేరున తెచ్చిన అన్నం వాపసు తీసుకుపోకూడదని ఆమె విస్తరి వేసి వడ్డించింది, సీసా మూత తీసింది. పెద్దలు తినేచోట ఇతరులు ఉండొద్దు. లాప్‌టాప్ కూడా తీసుకుని బయటికి నడవమంది. హరీష్ కోడికూర వైపు ఒకసారి దిగులుగా చూసి నడిచాడు. తలుపు మూసి, ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చున్నారు.

చచ్చిన మనిషికి ఆకలి ఉండదని, మామయ్య హాయిగా ఉన్నాడని, మనసులో పెట్టుకోవద్దని హరీష్ మెల్లగా నచ్చజెప్పసాగాడు. ఆమె తల ఊపుతోంది. మాట సగంలో ఉండగా —

లోపల... నిదానంగా, నిండుగా, ఒక్క త్రేన్పు.

భూదేవమ్మ కళ్లు తుడుచుకుంది. అల్లుడి వైపు తిరిగింది.

“గిది గూడ చుక్కలేనా, అల్లుడా?”

హరీష్ ఒళ్లో లాప్‌టాప్ మూసే ఉంది.