పాస్టరుగారు రాని ఆరాధన

ఆదివారం పొద్దున్నే పాస్టరుగారు కొత్త బేసిను, తెల్ల తువ్వాలు ముందు పెట్టుకుని వంగడం అభ్యాసం చేస్తున్నారు. ఆ రోజు ఆరాధనలో సంఘపెద్దల కాళ్లు కడిగి, నాయకుడంటే సేవకుడని చూపించాలని ఆయన తలంపు. ఆ పెద్దలేమో ముందే కబురంది, మడమలు రుద్దుకుని, గోళ్లు కత్తిరించుకుని మరీ వస్తున్నారు. మురికి లేని కాళ్లు కడగడానికి అంత అభ్యాసం దేనికో ఆయనకే తెలియాలి!

పక్కగదిలో ఆయన తల్లి మంచం పట్టి చాలాకాలమైంది. పక్క మార్చేదీ, ఒళ్లు తుడిచేదీ, తినిపించేదీ కోడలే. ఒకప్పుడు పాటల బృందంలో మొదటి గొంతు ఆ కోడలిదే. అత్తగారు మంచాన పడ్డాక ఆవిడ మందిరం మొహం చూడలేదు.

ఆ పూట ఆవిడ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏమండీ, ఈవేళ నేను వెళ్తాను. పాడాలనుంది. అత్తయ్య పక్క తడిసింది, మీరు మార్చండి."

"నేనా? వాక్యం ఎవరు చెబుతారు? అయినా అది నీకు అలవాటైన పని కదా!"

ఆ మాటతో ఆవిడ ఓర్పు నశించింది.

"అలవాటా? పుట్టింటి నుంచి నేర్చుకొచ్చానా? కడుక్కొచ్చిన కాళ్లు కడగడానికి ఇంత హడావుడి! కన్నతల్లి ఒళ్లు తుడవడం మాత్రం నా పని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారండీ. సంఘమంతటికీ మీరు కాపరి. మరి నాకెవరు కాపరి?"

పక్కగదిలోంచి తల్లి గొంతు వినిపించింది.

"గొడవొద్దురా నాయనా. మీరిద్దరూ వెళ్లండి. తడిలో ఉండటం నాకు అలవాటే."

ఆయన మనసు చివుక్కుమంది. బేసిను తీసుకుని తల్లి గదిలోకి నడిచారు. దుప్పటి లాగబోతే తల్లి గట్టిగా పట్టుకుంది.

"దేవుడి సేవ చేసేవాడివి, నువ్వీ పని చెయ్యకూడదురా!"

"శిష్యుల కాళ్లు కడగడానికి ప్రభువే వంగాడమ్మా. నేనెంత? కాస్త అటు తిరుగు."

మందిరంలో పెద్దలు చెప్పులు విప్పి వరసగా కూర్చున్నారు. కోడలు ఒక్కతే రావడం చూసి, "పాస్టరుగారేరమ్మా?" అన్నారు.

"ఇంట్లో వాళ్లమ్మకి సేవ చేస్తున్నారు," అంది ఆవిడ. పెద్దలు మొహమొహాలు చూసుకుని, మెల్లగా చెప్పులు తొడుక్కున్నారు. వాళ్లలో ఒకాయన వాక్యం చదివాడు. ఆవిడ పాడింది. మొదట గొంతు వణికింది, తర్వాత దానంతటదే దారి పట్టింది.

ఆవిడ ఇంటికి తిరిగొచ్చేసరికి పాస్టరుగారి చొక్కా తడిసి ముద్దయింది. దుప్పటి వంకరగా పరిచి ఉంది.

"పాడావా?" అన్నారాయన.

"పాడాను."

"ఇదంతా రోజూ నువ్వొక్కదానివే..." అంటూ ఆగిపోయారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను క్షమించు."

మంచం మీంచి అత్తగారు కోడల్ని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, వీడికి పనింకా పట్టుబడలేదే. ఆదివారాలు వీణ్ణి నా దగ్గర వదిలేసి, నువ్వు పోయి పాడుకో."

"అలాగేనమ్మా," అన్నారు పాస్టరుగారు. కోడలు నవ్వబోయి, అత్తగారి భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది.