ఎత్తిన చెయ్యి

“నేను దొంగ ఫలితాలు రాయలేదండి,” అంటూ రసజ్ఞ కుర్చీ అంచున కూర్చుంది. చేతిలోని పెన్ను మీట ఊరికే నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా పెదవి బిగిస్తోంది.

కూకట్‌పల్లిలో డిటెక్టివ్ చలపతిరావు ఆఫీసు అది. ఆయన టీ తాగినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే అసిస్టెంటు కృష్ణప్రియ నోట్‌బుక్ తెరిచింది.

హైటెక్ సిటీలోని ఒక పరిశోధన సంస్థలో రసజ్ఞ వినికిడి పరీక్షలు చేస్తుంది. క్యాన్సర్‌కు ఇచ్చే ఒక మందు చెవులను దెబ్బతీస్తుంది. ఆ నష్టాన్ని ఆపగలదేమోనని మొక్కల నుంచి తీసిన సారాన్ని రోగులకిచ్చి చూస్తున్నారు. అందరిలోకీ సాయమ్మ అనే రోగి ఫలితమే గొప్పగా వచ్చింది. తీరా మొన్న నర్సు వెనక నుంచి ఐదుసార్లు పిలిచినా ఆమె తిరగలేదు. ఫలితాలు రసజ్ఞే మార్చిందని డైరెక్టర్ జశ్వంత్ అనుమానం. శుక్రవారంలోగా తేలకపోతే ఉద్యోగం పోతుంది, పరువూ పోతుంది.

“ఒక్కసారైనా ఫలితం చెడిందా?” అడిగారు చలపతిరావు.

“ఒకసారండి. ఆ రోజు నాకు జలుబు, మాస్కు పెట్టుకున్నాను. ఆవిడ నీరసంగా ఉందేమోనని అది పక్కన పెట్టేసి, వారం తర్వాత మళ్ళీ చేశాను. బాగా వచ్చింది.”

సాయంత్రం నార్సింగిలో సాయమ్మను కలిశారు. ఆఫీసు టవర్లలో ఊడ్చే పని చేసిన మనిషి. చలపతిరావు నోటివైపే చూస్తూ మాట్లాడింది.

“గా పిల్ల నా కోసం మస్తు తండ్లాడుతది సారూ. అమ్మా అని పిలుస్తది. నేను చెయ్యెత్తితె చాలు, మొగం వెలుగుతది.”

మర్నాడు పరీక్ష గదిలో అందరినీ సమావేశపరిచారు. అద్దాల గదిలో సాయమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. శబ్దం వినిపిస్తే చెయ్యెత్తాలి, అంతే.

“ఈసారి మీరు గోడవైపు తిరిగి కూర్చోండమ్మా,” అన్నారు చలపతిరావు.

బయట రసజ్ఞ శబ్దం పంపే మీట ఏడుసార్లు నొక్కింది. సాయమ్మ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

“ఫలితాలు ఎవరూ మార్చలేదు. మీట నొక్కినప్పుడల్లా ఈ అమ్మాయి తెలియకుండానే పెదవి బిగిస్తుంది. సాయమ్మ అది చూసి చెయ్యెత్తింది. మాస్కు ఉన్న రోజు పెదవి కనపడలేదు, చెయ్యి లేవలేదు.”

జశ్వంత్ తల దించుకున్నాడు. కృష్ణప్రియ చప్పట్లు కొట్టబోయి, రసజ్ఞ మొహం చూసి మానేసింది.

రసజ్ఞ సిగ్గుతో చితికిపోయింది. దొంగ రాతలు రాయని మాట నిజమే. కానీ నచ్చని ఒక్క ఫలితాన్నీ పక్కన పెట్టింది తనే. ఆ సారం పనిచేయాలన్న ఆరాటంలో ఎదురుగా ఉన్న మనిషి చెవుడు తనకు పట్టలేదు.

“ఇంక షురూ చెయ్యలేదా బిడ్డా?” అద్దాల గదిలోంచి సాయమ్మ ఇటు తిరిగి అడిగింది.

రసజ్ఞ అటు తిరిగింది. ఏడుపు ఆపుకోవడానికి పెదవి బిగించింది.

అద్దం వెనక సాయమ్మ నవ్వుతూ చెయ్యెత్తింది.