ఏడో సెట్టు చీటీ

పరుగు!

మెట్లు రెండేసి చొప్పున దిగుతోంది ఆమె. మెడలో హెడ్‌ఫోన్స్. చేతిలో వైర్‌లెస్.

ఆఫీసులో ఆమెని పాముచెవులు అంటారు. షార్ట్‌వేవ్‌లో దొంగ డేటా సిగ్నల్ ఐదు సెకన్లు మోగితే చాలు... ఏ రేడియో సెట్టుదో పట్టేస్తుంది. ఆన్ చెయ్యగానే ప్రతి సెట్టు స్వరం కాస్త జారి, నిలబడుతుంది. ఏ సెట్టు జారుడు దానిదే.

ఆ దొంగ సిగ్నల్ ఇదివరకు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వంతెన మీద మందుల లారీలు పేలిపోయాయి.

ఇప్పుడు మూడోసారి!

జారుడు ఏడో సెట్టుది. అది బేస్‌మెంట్‌లో, మెకానిక్ బాబాయి దగ్గరుంది. సొంత బాబాయి కాదు. ఆమెకి పనంతా నేర్పినవాడు.

ఇవాళ్టి మందుల లారీల్లో ముందు లారీ తోలుతున్నది ఆమె తమ్ముడు. పది నిమిషాల్లో వంతెన ఎక్కేస్తాడు!

"లారీలు ఆపండి సార్!"

"ముందు దొంగని పట్టుకోనీ," వెనకే పరిగెడుతూ అంటాడు చీఫ్.

తలుపు దభీమని తెరుచుకుంటుంది.

బల్ల దగ్గర బాబాయి తలెత్తుతాడు.

"ఇతనేనా?" అడుగుతాడు చీఫ్.

ఆమె వేలు చూపిస్తుంది.

"నేనా? అదేంటే తల్లీ! చీటీ చూడవే... చీటీ..." ఏడో సెట్టు వైపు చెయ్యి చాపుతాడు.

"తుపాకీ తీస్తున్నాడు!" చీఫ్ అరుపు.

ఢాం!

బాబాయి చేతిలో ఏమీ లేదు. స్క్రూడ్రైవర్ కూడా లేదు.

"దొంగ దొరికాడు. లారీల్ని పోనివ్వండి," ఫోన్‌లో చెబుతూ చీఫ్ బయటికి నడుస్తాడు.

ఏడో సెట్టుకి రిపేరు చీటీ వేలాడుతోంది. ఆమె తిప్పి చూస్తుంది. బాబాయి గుండ్రటి అక్షరాలు.

'క్రిస్టల్ తీసి చీఫ్ గారి గదిలో సెట్టుకి వేశాను.'



జారేది పెట్టె కాదు... లోపలి క్రిస్టల్! అది ఎక్కడుంటే జారుడు అక్కడే!

కింద సంతకం... తనదే. శనివారం శనివారం చీటీల కట్ట ముందేసుకుని, కబుర్లాడుతూ గీకేసే సంతకం.

పేరుకి పాముచెవులు. కళ్లెక్కడ పెట్టుకుందో!

బాబాయిని చంపింది తన వేలే.

"ఎప్పుడూ చదవకుండా సంతకం పెట్టేదానివి," గుమ్మంలో చీఫ్. చేతిలో తుపాకీ. "ఇవాళే చదవాలా?"

ఆమె వైర్‌లెస్ బటన్ నొక్కుతుంది.

"వంతెన ఎక్కకురా తమ్ముడూ!"

ఢాం!

వైర్‌లెస్ నేల మీద పడుతుంది. అందులోంచి బ్రేకులు కీచుమన్న చప్పుడు.

"ఆపేశానక్కా! వెనక లారీలు కూడా ఆపించా... అక్కా? ఏంటా చప్పుడు?"

చీఫ్ వంగి తీసుకుంటాడు. గొంతులో వణుకే లేదు.

"మీ అక్క కంగారుపడిందయ్యా. దొంగని కాల్చేశాం. దారి క్లియర్. పోనివ్వు."

ఒక్క క్షణం గరగర...

"ఆ మాట అక్కని చెప్పమనండి సార్."

నేల మీద కదలకుండా పడి ఉన్న ఆమె వైపు చూస్తాడు చీఫ్.

"అక్కకివ్వండి సార్!"

అవతల లారీ ఇంజన్ ఆగిపోతుంది.