గీజర్ లేని ఫోటో

“బాబూ రాజీవ్, ఒక్కటంటే ఒక్క ఫోటో!”

కృష్ణమోహన్ గారు ఆ మాట అనడం పొద్దున్నుంచి ఎన్నోసారో నాకే తెలియదు. వెస్ట్ యెల్లోస్టోన్‌లో హోటల్ బోర్డు ముందు ఒకటి, పార్కు గేటు దగ్గర ఒకటి, ఏటి ఒడ్డున ఇంకోటి. ప్రతిదాంట్లో ఆయన, ఆయన భార్య వసుమతి గారు, మధ్యలో వాళ్ళమ్మాయి మైత్రి. వసుమతి గారి ఫోన్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచేవాణ్ణి మాత్రం నేను. కారు నేనే నడపాలి, పులిహోర పెట్టిన కూలర్ డబ్బా నేనే మోయాలి, ఫోటో నేనే తీయాలి. ఫోటోలో మాత్రం ఉండకూడదు. మనవాళ్ళ ట్రిప్పుల్లో బయటివాడి ఉద్యోగం అదే కదా!

నేను బయటివాణ్ణి కాదన్న సంగతి ఆ ముగ్గురిలో ఒక్కరికే తెలుసు. నేనూ మైత్రీ రెండేళ్ళుగా ప్రేమించుకుంటున్నాం. ఇద్దరి ఉద్యోగాలూ నేపర్‌విల్‌లోనే. కమ్మింగ్ నుంచి వచ్చిన వాళ్ళ అమ్మానాన్నలకు మాత్రం నన్ను “మై ఫ్రెండ్, డ్రైవింగ్ బాగా చేస్తాడు” అని పరిచయం చేసింది.

“గీజర్ చూసేలోపు చెప్పేస్తా, ప్రామిస్,” అని నా చెయ్యి పట్టుకుని మరీ అంది. ఆ ఒక్క మాట నమ్మి డ్రైవర్ ఉద్యోగానికి ఒప్పుకున్నాను. నాదీ బుద్ధి తక్కువ.

కారు కొంత దూరం వెళ్ళాక వెనక సీట్లో మైత్రి గొంతు సవరించుకుంది.

“డాడీ, నేను మీకు ఒకటి చెప్పాలి.”

బాగా వినబడాలని నేను ఏసీ తగ్గించాను.

“ఆగాగు! అదిగో ఎలుగుబంటి! బాబూ, ఆపు, ఆపు!” నా పక్క సీట్లోంచి ఆయన కేక.

పక్కకు తీసి ఆపాను. నలుగురం కళ్ళు చిట్లించుకుని చూశాం.

“అది కాలిపోయిన చెట్టు మొద్దు అంకుల్.”

“అవునా? పోన్లే, సీనరీ బావుంది. ఒక్క ఫోటో తియ్యి.”

తీశాను. మళ్ళీ బయల్దేరాక, “ఏదో చెప్తానన్నావేంటమ్మా?” అని ఆయనే అడిగారు.

“ఏం లేదు డాడీ. ఆకలేస్తోంది.”

అద్దంలోంచి గుర్రుగా చూశాను. కిటికీ వైపు తిరిగి కూర్చుంది, మహాతల్లి.

ఆ గీజర్ పేరు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, ఉండుండి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ. దాని చుట్టూ బెంచీల మీద జనం కిటకిటలాడుతున్నారు. నేలలోంచి కాస్త ఆవిరి లేచింది, గుప్పెడు నీళ్ళు పైకి చిమ్మాయి. అందరూ “ఓ!” అన్నారు. అంతే, మళ్ళీ లోపలికి పోయాయి. కాసేపటికి మళ్ళీ అదే తంతు.

“ఇంతేనా? ఈ మాత్రానికేనా ఇంత దూరం వచ్చాం?” అన్నారు వసుమతి గారు.

“అసలుది వచ్చేముందు ఇలాగే చేస్తుందట ఆంటీ. వస్తా వస్తా అని ఊరించి ఊరుకుంటుంది. కొంతమంది మనుషుల్లాగా.”

మైత్రి నా కాలు తొక్కింది.

కూలర్ కారులో పెట్టొస్తానని లేచాను. సాయం చేస్తానని తనూ వెంట వచ్చింది. నాలుగడుగులు వేశామో లేదో మొదలుపెట్టింది.

“వాళ్ళ ముందు అలా మాట్లాడకు రాజీవ్. నాకు టెన్షన్ వస్తోంది.”

“నాకు రాదా? అసలు నేనెవర్ని మైత్రీ? క్యాబ్ డ్రైవర్‌నా?”

“నీకు అర్థం కాదు. అనిక అక్క తనకి నచ్చినవాణ్ణి మ్యారీ చేసుకుంటా అంటే, డాడీ సిక్స్ మంత్స్ మాట్లాడలేదు. డిన్నర్‌లో ఒక్క వర్డ్ లేదు. ఆ టేబుల్ దగ్గర నేను కూడా ఉన్నాను, ఎవ్రీ డే.”

నాకు జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

“ఫార్మింగ్టన్ హిల్స్‌లో వచ్చిన జాబ్ ఆఫర్‌కి సోమవారం ఆన్సర్ ఇవ్వాలి. ఇవాళ నువ్వు చెప్తే నో అంటాను. చెప్పకపోతే యెస్ అనేసి వెళ్ళిపోతాను. ఇలా దాక్కుని బతకడం ఇంక నా వల్ల కాదు.”

“బెదిరిస్తున్నావా?”

“బతిమాలుతున్నాను.”

ఆమె ఏదో అనబోయింది. ఈలోగా వెనక జనం ఒక్కసారిగా అరిచారు. ఇద్దరం పరుగెత్తాం. తెల్లటి నీళ్ళు ఆకాశంలోకి లేస్తున్నాయి. కృష్ణమోహన్ గారు అప్పటికే గీజర్‌కి వీపు తిప్పి నిలబడి ఉన్నారు.

“బాబూ, ఫోటో! తొందరగా!”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వసుమతి గారి ఫోన్ అందుకున్నాను. మైత్రి వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి. నన్నే చూస్తోంది. ఆ కోపంలోనే టకటకా నొక్కుతూ పోయాను.

తిరుగు దారిలో అడవిదున్నల్లాంటి బైసన్ల మంద రోడ్డుకి అడ్డంగా వచ్చి ఆగింది. ముందూ వెనకా కార్ల వరస. ఒక పెద్ద బైసన్ సరిగ్గా మా కారు ముందు నిలబడి, మాకేసి చూస్తూ నెమరు వేస్తోంది. ఏం తోచక వసుమతి గారు తన ఫోన్‌లో ఫోటోలు చూడటం మొదలుపెట్టారు.

“ఏమండీ, ఇందులో గీజర్ ఏదీ?”

ఆయన ఫోన్ అందుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. “ఇదేంటి, నాది ఒక్క చెవే పడింది!”

“నాది సగం మొహమే. పొద్దున్నుంచీ అన్నీ ఇంతే. హోటల్ బోర్డు లేదు, గేటు లేదు. మైత్రి మాత్రం అన్నిట్లో నిండుగా ఉంది.”

ఒట్టు, నేనలా తీస్తున్నానని అప్పటిదాకా నాకూ తెలియదు.

“ఎండ ఎదురుగా కొట్టింది ఆంటీ,” అని నసిగాను.

“ఎండ కాదు మమ్మీ,” అంది మైత్రి.

నేను అద్దంలోకి చూశాను. ఈసారి ఆమె కిటికీ వైపు తిరగలేదు.

“రాజీవ్ నన్ను చూస్తూ తీశాడు. నేను తనని చూస్తూ నిలబడ్డాను. టూ ఇయర్స్ నుంచి అంతే. డాడీ, నేను రాజీవ్‌ని పెళ్ళి చేసుకుంటాను. మీరు నాతో మాట్లాడకపోతే నాకు చాలా కష్టం. బట్ చెప్పకపోతే ఇంకా కష్టం.”

బయట బైసన్ బుసకొట్టి తోక ఆడించింది. ఎవరూ ఫోటో అడగలేదు.

“రెండేళ్ళా?” అన్నారు చివరికి కృష్ణమోహన్ గారు, నా వైపు తిరిగి. “మరి పొద్దున్నుంచి నీచేత ఇన్ని ఫోటోలు తీయించానే, కోపం రాలేదూ?”

“వచ్చింది అంకుల్.”

“నా మీదా?”

“మీ అమ్మాయి మీద.”

వసుమతి గారు కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆయన నవ్వలేదు. చేతిలోని ఫోన్‌లో ఆ ఫోటోల్ని మళ్ళీ ఒకసారి తిరగేశారు.

“పెద్దదానితో ఆర్నెల్లు మాట్లాడకుండా ఉండి నేనేం బావుకున్నాను?” అన్నారు మెల్లగా. “దాని పెళ్ళి ఆల్బమ్ తీస్తే నా మొహం చూసి నాకే భయమేస్తుంది. ఒక్కదాంట్లోనూ నవ్వలేదు.”

మైత్రి వెనకనుంచి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, నాతో అన్నారు.

“కారు వెనక్కి తిప్పు.”

“ఎక్కడికి అంకుల్?”

“గీజర్ దగ్గరికయ్యా! గీజర్ లేని ఫోటో పట్టుకెళ్ళి కమ్మింగ్‌లో ఎవరికి చూపించను?”

మంద కదిలాక కారు తిప్పి మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ అదే బెంచీ మీద కూర్చున్నాం. అది మళ్ళీ ఊరించింది, మళ్ళీ లోపలికి పోయింది. ఈసారి వసుమతి గారు కూడా విసుక్కోలేదు, నాకు ఇంకో ముద్ద పులిహోర వడ్డించారు. చివరికి నీళ్ళు హోరుమంటూ పైకి లేచేసరికి, అలవాటు కొద్దీ ఫోన్ అందుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టాను.

“ఎక్కడికయ్యా పోతున్నావు?” కృష్ణమోహన్ గారు అరిచారు. “ఆ ఫోన్ ఆ టోపీ ఆయనకిచ్చి నువ్విటు రా!”

వెళ్ళి మైత్రి పక్కన నిలబడ్డాను. ఎవరూ చూడకుండా నా వేలు పట్టుకుంది. నీటి తుంపర మా మీదికి వచ్చింది.

టోపీ ఆయన ఫోన్ తిరిగి ఇచ్చాడు. ఫోటోలో వసుమతి గారి జుట్టు గాలికి లేచింది, నేను కళ్ళు మూసేశాను. కృష్ణమోహన్ గారు మాత్రం పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. ఆయన ఫోటోని పెద్దది చేసి, ఒక్కొక్క మొహమే తడుముతున్నట్టు చూసుకున్నారు.

“ఇదీ ఫోటో అంటే,” అన్నారు. “ఇందులో అందరం ఉన్నాం.”