ఎడమకాలి బ్రేకు

"ఈ బ్రేకు ఎడమపక్కకు రావల్లన్నా. అయితాదా?"

ఓబిలేష్ వెల్డింగు ఆపి తల ఎత్తాడు. అంగడి ముందు ఒక పాత ఆటో. దాని పక్కన ఊతకర్ర మీద బరువు మోపి ఒక అమ్మాయి.

"అయితాది. తోలేది ఎవరు, మీ నాయనా?"

"నేనే."

వద్దనుకుంటూనే అతని చూపు ఆమె కుడికాలి మీదికి జారింది. చిన్నప్పుడు పోలియో వచ్చి సన్నబడిపోయిన కాలు.

"చూసినావా? ఇంగ పని చూడు," అంది ఆమె. "కుడికాలు బాగుంటే నీ అంగడికి యాల వస్తా?"

"కోపమెందుకు మే..."

"మే అన్నావంటే ఈ కర్ర యాడ తగుల్తాదో నాకే తెలీదు. నా పేరు ఈశ్వరి."

ఉరవకొండలో ఆరేళ్ళుగా ఆటోలు బాగుచేస్తున్నాడు ఓబిలేష్. అతని నోరు అంత తొందరగా మూయించినవాళ్ళు లేరు.

రెండు రోజుల పనిని నాలుగు రోజులు చేశాడు. కుడివైపు పెడల్ నుంచి కిందుగా ఒక ఇనుపకడ్డీ ఎడమవైపుకు తెచ్చి, అక్కడ కొత్త పెడల్ బిగించాలి. అది సరిగ్గా ఎక్కడ రావాలో తెలియడానికి ఈశ్వరిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఆమె ఎడమ పాదం చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. పని అయిపోయాక ఆ గీతను తుడవడానికి చేయి రాలేదు. డ్రైవరు తలపైన గుండ్రటి అద్దం ఒకటి కూడా బిగించాడు.

"నేను అద్దం అడగలేదే?"

"అంగడి తరపున."

"అందరికీ ఇస్తావా?"

"అందరూ నీ మాదిరి తిడతారా?"

ఆమె నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. ఆ రోజు నుంచి అతన్ని అన్నా అనడం మానేసింది. వేరే ఏమీ అనలేదు కూడా.

లైసెన్సు టెస్టులో ఇన్‌స్పెక్టర్ ఆ బండిని మూడుసార్లు ఉన్నట్టుండి ఆపించాడు. మూడుసార్లూ ఆగింది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఈశ్వరి ఆమిద్యాలకు పోయే ఆటోల స్టాండుకు వచ్చింది. స్టాండు ఓబిలేష్ అంగడికి రోడ్డు అవతల, కొంచెం ముందుకు ఉంటుంది.

మొదటి వారం జనం ఆమె బండిని దాటుకుని వెనక బండి ఎక్కారు. స్టాండు డ్రైవర్లలో పెద్దవాడైన యేసన్న కూడా అడిగాడు. "బ్రేకు పడతాదా పాపా?"

"నువ్వు అడ్డం నిలబడన్నా, చూపిస్తా."

ఎనిమిదో రోజు ఒక మనిషి ఎక్కాడు. ఓబిలేష్ కష్టాలు ఆ రోజే మొదలయ్యాయి.

ఎక్కినవాడి పేరు గంగాధర్. ఆమిద్యాల గ్రామ సచివాలయంలో సర్వేయరు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. వాన నెలల తరబడి మొహం చాటేసే ఊళ్ళో గొడుగు! అతన్ని చూసి మరో ఇద్దరు ఎక్కారు. పదిరోజులకు ఈశ్వరి బండి రోజూ నిండుతోంది. అందుకు ఓబిలేష్ సంతోషించాలి. సంతోషించాడు కూడా, రోజూ గంగాధర్ ఎక్కేదాకా.

అన్నింటికన్నా అతన్ని కాల్చింది ఆ అద్దం. పొద్దున తన స్టూలు మీద కూర్చుంటే ఈశ్వరి బండిలోంచి ఎండ తళుక్కున వచ్చి కళ్ళల్లో గుచ్చుకునేది. గంగాధర్ వచ్చి వెనకసీట్లో కూర్చునేవాడు. వెంటనే ఈశ్వరి చేయి పైకి లేచేది, అద్దాన్ని లోపలికి తిప్పేది. తిప్పి, బండి కదిలించేది.

తాను బిగించిన అద్దంలో ఇంకొకడి మొహం!

"ఏమప్పా ఓబిలేషూ, గాలి టైరుకు కొడతాండావా, నీ మూతికి కొడతాండావా? ఉబ్బిపోయింది," అన్నాడు యేసన్న ఒకరోజు.

"ఆయప్పకు గొడుగు యాలన్నా?"

"ఆయప్ప గొడుగు, ఆయప్ప ఇష్టం. నీకేం నొప్పి?"

నొప్పి ఎక్కడో ఓబిలేష్‌కు తెలుసు. ఈశ్వరి యేసన్నను అన్నా అంటుంది. గంగాధర్‌ను సార్ అంటుంది. తనను మాత్రం "ఇదిగో" అంటుంది. ఎదుటి మనిషికి పేరే లేనట్టు.

శనివారం సాయంత్రం టైరు దొర్లించుకుంటూ స్టాండు పక్కగా వస్తుంటే గంగాధర్ గొంతు వినపడింది.

"సోమవారం గుంతకల్లు, మరిచిపోవద్దు ఈశ్వరీ. మా అమ్మ, నాయన కూడా వస్తారు. మంచి బట్టలేసుకో. భోజనం ఆడే."

"మరిచిపోతానా సార్!" ఈశ్వరి మొహం వెలిగిపోతోంది.

ఓబిలేష్ చేతిలోంచి టైరు జారి, తనంతట తానే దొర్లుకుంటూ కాలువలో పడింది.

గుంతకల్లు అన్న మాటంటేనే అతనికి పడదు. తనకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక కరువు ఏడాది, వాళ్ళ నాయన ఆ స్టేషన్లోనే పనులకని రైలెక్కాడు. కిటికీలోంచి చేయి ఊపుతూ తిరిగొస్తా అన్నాడు. రాలేదు. అప్పటి నుంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా ఓబిలేష్‌కు ఎప్పుడొస్తారని అడగనిదే మనసు ఊరుకోదు.

ఆదివారం పొద్దున ఈశ్వరి టీ తాగుతుండగా స్టాండులోకి పోయి, కిందికి వంగి, కడ్డీని ఊరికే అటూ ఇటూ ఊపాడు. స్టాండంతా వినేటట్టు అన్నాడు. "ఈ బ్రేకు బాగలేదు. రెండు దినాలు బండి తీయొద్దు."

ఆమె టీ గ్లాసు పెట్టేసి వచ్చింది. "నిన్న సందకాడ బాగుండె కదా?"

"బ్రేకు సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆమె అతని కళ్ళల్లోకి చూసింది. వాదించలేదు. ఆ పెడల్ చేసిన మనిషే చెప్పాడు మరి. "రేపు నాకు శానా పనుండాది. రవ్వంత బిన్నా చూడు, ఈ పొద్దే కావల్ల," అని మాత్రం అని, ఊతకర్ర ఊనుకుంటూ ఇంటి దారి పట్టింది.

ఓబిలేష్ బండిని తోసుకుంటూ అంగడికి తెచ్చాడు. రోజంతా దాని వైపు చూడలేకపోయాడు.

సోమవారం మధ్యాహ్నం యేసన్న వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"పాపం, ఆ పాపకు ఎంత నష్టమప్పా. గంగాధర్ సారుకు ఈ పొద్దు గుంతకల్లులో నిశ్చితార్థం. దినమంతా ఈశ్వరి బండే మాట్లాడుకున్నాడు. పాపకు అది మొదటి పెద్ద బాడుగ. బ్రేకు చెడిందని తెలిసి సారు వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. కారులో పోయినారు."

"నిశ్చితార్థమా? ఎవరితో?"

"ఆడపిల్లతో! ఎవరో రైల్వే ఆయప్ప కూతురంట. నీకు యాలప్పా అవన్నీ? ఆ కుంటిపిల్ల బండి మనకొద్దు, బ్రేకు పడదంట అని ఊరంతా అంటాండారు. ఇంగ ఎవరెక్కుతారు?"

ఓబిలేష్ లేచాడు. ఆటోను తోసుకుంటూ రోడ్డు దాటించి దాని చోట్లో నిలిపాడు. డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సుద్దగీత ఇంకా అక్కడక్కడ మిగిలే ఉంది. తల ఎత్తాడు.

అద్దంలో వెనకసీటు కనపడలేదు. రోడ్డు అవతల ఒక అంగడి కనపడింది. గోడకు టైర్లు. ముందు ఒక ఖాళీ స్టూలు.

తన స్టూలు.

అద్దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నిన్న పొద్దున ఈశ్వరి ఎలా వదిలి టీకి పోయిందో అలాగే ఉంది. అంటే రోజూ కళ్ళల్లో గుచ్చుకున్న ఆ తళుకు... గంగాధర్ ఎక్కగానే ఆమె అద్దం తిప్పింది గంగాధర్ వైపు కాదు. అప్పటిదాకా తన వైపున్న అద్దాన్ని, బండి తీయాలి కాబట్టి సరిచేసుకునేది. అంతే.

"నా బండిలో నువ్వేం చేస్తాండావు?"

ఈశ్వరి పక్కనే నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఓబిలేష్ దిగాడు. స్టాండులో ఆమిద్యాలకు పోయేవాళ్ళు ఆరేడుగురున్నారు. అందరికీ వినేటట్టే చెప్పాడు.

"ఈ బ్రేకుకు ఏమీ కాలేదు. నేను అబద్ధం చెప్పినా."

"యాల?" అంది ఈశ్వరి.

"కుళ్ళు."

"ఎవరి మీద?"

"గంగాధర్ సారు మీద. ఆయప్ప గొడుగు మీద. ఈ అద్దం మీద."

యేసన్న పగలబడి నవ్వాడు. ఈశ్వరి నవ్వలేదు. "నేను ఇంట్లోనుంచి బయట పడేదానికి ఇరవై నాలుగేండ్లు పట్టింది. నీ కుళ్ళుకు రెండు దినాలే పట్టింది, మళ్ళీ ఇంట్లో కూర్చోబెట్టేదానికి."

అతను తల దించుకున్నాడు.

వాళ్ళలో సంచి పట్టుకుని నిలబడిన ఆంజినమ్మ తల అడ్డంగా ఊపింది. "కనికరంతో ఇప్పుడట్ల అంటాండాడేమో నాయనా. చెడిందో బాగుండాదో మాకెట్ల తెలుస్తాది?"

ఓబిలేష్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. నలభై అడుగులు ముందుకు నడిచి రోడ్డుకు అడ్డంగా ఒక గీత గీశాడు. గీత అవతల, బండికి ఎదురుగా నిలబడ్డాడు.

"తోలు."

"పక్కకు పో. చినుకులు పడతాండాయి."

నిజమే. ఆకాశం ఈ రోజునే ఎంచుకుంది. గీత మీద ఒక్కొక్క చుక్కా పడుతోంది.

"పోను."

"నాకు శానా కోపంగా ఉండాది. కాలు సరిగ్గా పడకపోతే?"

"నీ కాలు కొలత నాకు తెలుసు. తోలు."

ఆమె సీట్లో కూర్చుని అద్దం సరిచేసుకుంది. ఆటో గుర్రుమంటూ లేచింది, వేగం పట్టింది. యేసన్న "రేయ్!" అని అరిచాడు. ఓబిలేష్ కళ్ళు మూయలేదు. ఆమె మొహం దగ్గరవుతుంటే, ఇలాగైతే చచ్చినా పరవాలేదన్న పాడు ఆలోచన కూడా వచ్చింది.

చక్రం గీత మీద ఆగింది. అతని మోకాళ్ళకు జానెడు దూరం.

ఆంజినమ్మ సంచి సర్దుకుని, అందరికన్నా ముందు వచ్చి ఎక్కింది. "పదండి, తడుస్తాండాం. బ్రేకు నాకు నచ్చింది." మిగతావాళ్ళు కూడా పరుగున వచ్చి ఎక్కారు.

ఓబిలేష్ ఇంకా అక్కడే ఉన్నాడు.

"తప్పుకుంటావా, ఆమిద్యాలదాకా అట్లనే నడుస్తావా?"

"ఒక మాట. ఆ అద్దంలో ఏం చూస్తాంటివి?"

ఈశ్వరి మొహం కోపంతోనో, మరి దేనితోనో ఎర్రబడింది. "నీ అంగడికి వారానికి నాలుగుసార్లు నీలం స్కూటీ పంచరని వస్తాది కదా, ఒకామె. రోడ్డుమీద మేకులన్నీ ఆమెకే దొరుకుతాయా?"

ఓబిలేష్ నోరు తెరిచాడు. ఆ ఎండిన నేల మీద పెద్ద వానకన్నా ముందు అతని నవ్వు కురిసింది.

"నవ్వొద్దు. కోపం పోలేదు నాకు," అంది ఆమె.

"పోయేదాకా ఉంటా. ఎక్కల్లనా?"

"యాడికి?"

"ఆమిద్యాలకు."

"ఆడ నీకేం పని?"

"తిరిగొచ్చే పని."

ఈశ్వరి ఎక్కమన్నట్టు తల ఊపింది. వెనకసీటు చివర ఆంజినమ్మ సంచిని ఒళ్ళోకి తీసుకుని రవ్వంత చోటు చేసింది. ఓబిలేష్ అందులో ఇరుక్కున్నాడు.

ఈశ్వరి చేయి పైకి లేచి అద్దాన్ని ఆ మూలకు తిప్పింది.

"గట్టిగా పట్టుకో ఓబిలేషూ," అంది. "బ్రేకు మంచి బ్రేకు."