ఉమ తిన్న గోడ

నాగర్‌కర్నూల్ దవాఖానలో కూర్చున్న తిరుపతమ్మకు నవ్వొచ్చింది. తన కడుపునొప్పి ఎందుకొచ్చిందో ఊరంతటికీ తెలుసు, కొత్తగా ఈ డాక్టరమ్మ చెప్పేదేముంది? తోడికోడలు ఉమ బువ్వలో మందు పెట్టింది. పడనివాళ్లు పెట్టిన మందు పేగులకు అతుక్కుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. పసరు తాగి ఎన్నిసార్లు కక్కినా తిరుపతమ్మకు అది ఊడలేదు.

డాక్టరమ్మ పరీక్ష కాగితం చూసింది. "కొంకి పురుగులమ్మా. చెప్పుల్లేకుండ తడి పొలంల తిరిగితే పాదాల్లకెల్లి ఎక్కుతయ్. పేగును కరిచి పట్టుకుంటయ్. వాటి నోట్ల ఊరే రసాలను ఎంజైములంటం. అవి పేగు పొరను కరిగిస్తయ్, కారే నెత్తురును గడ్డ కట్టనియ్యవు. అందుకే లోపల వాచి గింత నొప్పి. ఒంట్ల నెత్తురు తగ్గితే కొందరికి మట్టి తినబుద్ధయితది. నీకుందా?"

తిరుపతమ్మ నవ్వు చచ్చిపోయింది. "లేదు మేడం."

"ఇంట్ల ఇంకెవరికన్నా?"

"ఎవ్వరికీ లేదు."

అది మాత్రం నిజమే. ఇప్పుడు ఎవ్వరికీ లేదు.

పోయిన వానాకాలం మొగుళ్లిద్దరూ పుణె పనికి పోతే, తోడికోడళ్లిద్దరూ ఒకే మడిలో నాట్లు వేశారు. ఆ రోజుల్లోనే ఉమ వెనకగదిలో ఎర్రమట్టి గోడను గీకి తినడం తిరుపతమ్మ చూసింది. చూసి ఊరుకోవచ్చు కదా, అత్త జములమ్మ చెవిన వేసింది. మట్టి తినేది మంత్రగత్తె కాక ఇంకెవరు? అప్పటికే తిరుపతమ్మకు కడుపునొప్పి, నిప్పు లేనిదే పొగ రాదని ఊరు కోడై కూసింది. మందు పెట్టానని ఒప్పుకునేదాకా తీసేది లేదని జములమ్మ ఆ గదికే గొళ్లెం పెట్టింది. లోపల్నుంచి గోడ గీకుతున్న చప్పుడు వస్తూనే ఉండేది. అది ఆగిపోయాక తలుపు తీశారు. ఉమ గోళ్లు కూడా తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

తిరుపతమ్మ ఇల్లు చేరేసరికి వాన పడుతోంది. కరెంటు లేదు.

"పురుగులంట అత్తా. బువ్వ తిన్నంక గోలీ మింగమన్నది."

జములమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మింగకు. గోలీకి తగ్గిందంటే ఊరు ఏమంటది? ఆ పోరిని ఉత్తగనే సంపినమంటది."

"మింగకుంటే నేను సస్త గద?"

"సస్తే... మందు పెట్టిందనే అనుకుంటరు."

అంతమాట అనేసి, కోళ్లను గంప కింద వేయడానికి వాకిట్లోకి పోయింది ముసలమ్మ. ఎంత సులువుగా అనేసింది! తిరుపతమ్మకు ఒళ్లు మండింది. చచ్చినా సరే మింగాల్సిందే అనుకుని గోలీ చేతిలోకి తీసుకుంది.

తడిమట్టి వాసన గుప్పుమంది. నోట్లో నీళ్లూరాయి. డాక్టరమ్మకు ఆమె చెప్పకుండా దాచింది ఇదే.

ఆ వాసన వాకిట్లోంచి రావడం లేదు. వెనకగదిలోంచి వస్తోంది.

గర్ర్... గర్ర్...

ఎలుకలు. పల్లికాయ సంచులున్నాయి కదా, ఎలుకలే...

గర్ర్...

"అక్కా..."

తిరుపతమ్మ ఆ తలుపు దగ్గరికి వెళ్లింది.

"నాకు గూడ ఒకటియ్యి అక్కా... కడుపుల కొరుకుతున్నయ్..."

"ఒక్కటే... ఒక్కటే ఉన్నది..." అంది తిరుపతమ్మ.

లోపల ఏడుపు మొదలైంది. గొళ్లెం పెట్టిన రోజు విన్న ఏడుపే అది. ఆనాడు చెవులు మూసుకుంది. ఈసారి మూసుకోలేకపోయింది. వంగి, గోలీని తలుపు సందులోంచి లోపలికి నెట్టేసింది.

నములుతున్న చప్పుడు...

ఆగింది.

వెనక నుంచి టార్చిలైటు పడింది. జములమ్మ వాకిలి నుంచి వచ్చి నిలబడింది. తలుపుకు గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ముసలమ్మ పెదవుల మూల ఎర్రమట్టి తడిగా మెరుస్తోంది.

"అత్తా... నోటికేంది అది?"

జములమ్మ కొంగుతో మెల్లగా తుడుచుకుంది.

"నొప్పి తగ్గింది అక్కా," అంది.